మెరెట్ ఓపెన్‌హైమ్ కళలో వస్తువు, ఉపయోగం: లక్షణావృత్తి వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అధివాస్తవిక కళాకారిణిగా, ఆభరణాల, వస్త్రాల, గృహోపకరణాల రూపకర్తగా పనిచేసిన మెరెట్ ఓపెన్‌హైమ్ (1913-1985) పేరు సాధారణంగా ఒకే ఒక కృతితో ముడిపడి వినిపిస్తుంది. అది బొచ్చు తొడిగిన టీ కప్పు. ఆమె రూపకల్పనలను జీవిక కోసం చేసిన పనులుగా, కప్పును మాత్రమే కళగా విడదీసి చూసే ధోరణి విమర్శలో బలంగా ఉంది. ఈ విభజన నిలవదనీ, ఆమె కృషి మొత్తానికి మూలసూత్రం శరీరం వస్తువును తాకే చోట ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ పరిశీలనకు భారతీయ అలంకారశాస్త్రంలోని లక్షణావృత్తిని సాధనంగా స్వీకరించాను.

కీలకపదాలు: అధివాస్తవికత, వస్తువు, ఉపయోగం, లక్షణ, జుగుప్స, రూపకల్పన.

1. ఉపోద్ఘాతం

తెలుగు విమర్శలో అధివాస్తవికత ప్రస్తావన వచ్చినప్పుడు శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు గుర్తుకు వస్తారు. స్వప్నం, అచేతన మనస్సు, తర్కానికి లొంగని పదచిత్రం అనే మూడు మాటల చుట్టూ ఆ చర్చ సాగుతుంది. ఇది సహజమే. ఆ ఉద్యమం మనకు ప్రధానంగా కవిత్వం ద్వారా పరిచయమైంది. 1924లో తొలి ప్రణాళిక వెలువరించిన ఆంద్రే బ్రెటన్ కూడా మొదట కవే. అయితే 1930లలో ఆ ఉద్యమం కవిత్వానికీ చిత్రలేఖనానికీ తోడుగా మరొక మార్గం తొక్కింది. ఇంట్లో, వీధిలో, అంగడిలో కనిపించే వస్తువులనే తీసుకొని వాటిని అపరిచితం చేయడం ఆ మార్గం. 1936 మే నెలలో పారిస్‌లోని షార్ల్ రాటన్ గ్యాలరీలో జరిగిన అధివాస్తవిక వస్తువుల ప్రదర్శన ఈ దశకు ప్రధాన ఘట్టం.

ఈ దశను గురించి తెలుగులో ఆలోచించడానికి మన విమర్శ పరిభాషలోనే ఒక వీలుంది. మనం 'వస్తువు' అనే పదాన్ని కావ్య ఇతివృత్తానికీ వాడతాం, చేతికి అందే పదార్థానికీ వాడతాం. 'శిల్పం' అనే పదం నిర్మాణ పద్ధతినీ సూచిస్తుంది, మలచిన ప్రతిమనూ సూచిస్తుంది. వస్తువు, శిల్పం వేరా, ఒకటా అనే చర్చ మనకు చిరపరిచితం. ఓపెన్‌హైమ్ కృతులలో ఈ రెండు పదాలకున్న రెండేసి అర్థాలు ఒకచోట కలుస్తాయి. ఆమె ఎన్నుకున్న వస్తువే ఆమె కృతికి ఇతివృత్తం. అందుకే ఆమె కృషి సాహిత్య విద్యార్థికి కూడా పరిశీలించదగినది.

2. జీవితరేఖలు

ఓపెన్‌హైమ్ 1913 అక్టోబరు 6న బెర్లిన్ నగరంలోని షార్లోటెన్‌బుర్గ్‌లో జన్మించింది. తండ్రి యూదు వంశీయుడైన జర్మన్ వైద్యుడు. తల్లి స్విట్జర్లాండ్ దేశస్థురాలు. గొట్‌ఫ్రీడ్ కెల్లర్ నవల 'గ్రీన్ హెన్రీ'లో ప్రార్థన చేయనని మొండికేసే మెరెట్‌లైన్ అనే బాలిక ఉంది. ఆ పాత్ర పేరే ఈమెకు పెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో తండ్రి సైన్యానికి వెళ్లడంతో తల్లి బిడ్డను తీసుకొని స్విట్జర్లాండ్‌లోని పుట్టింటికి చేరింది. అమ్మమ్మ లీసా వెంగర్ బాలసాహిత్య రచయిత్రి, చిత్రకారిణి. స్త్రీ సొంతంగా వృత్తి చేపట్టి గౌరవంగా బతకగలదన్న విశ్వాసం ఓపెన్‌హైమ్‌కు ఆ ఇంటి వాతావరణం నుంచే వచ్చింది. తండ్రికి కార్ల్ యూంగ్ మనస్తత్వ సిద్ధాంతంపై ఆసక్తి ఉండేది. ఆమె కౌమారం నుంచే తన కలలను రాసి భద్రపరిచేది. ఆ అలవాటు జీవితాంతం కొనసాగింది.

1932లో, పద్దెనిమిదేళ్ల వయస్సులో ఆమె పారిస్ చేరింది. మరుసటి ఏడు జియకొమెట్టి, హాన్స్ ఆర్ప్ ఆమె పనిని చూసి తమతో కలిసి ప్రదర్శించమని ఆహ్వానించారు. అదే కాలంలో ఛాయాచిత్రకారుడు మాన్ రే ముద్రణయంత్రం పక్కన ఆమెను నగ్నంగా నిలిపి తీసిన చిత్రాలు ప్రసిద్ధమయ్యాయి. ఆమె చేసిన వస్తువుల కంటే ముందే ఆమె రూపం ఆ బృందంలో ఒక 'వస్తువు'గా ప్రచారం పొందిందన్న సంగతిని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఆమె మీద వచ్చిన విమర్శ చాలా కాలం ఆ ఛాయాచిత్రాల ప్రభావం నుంచి బయటపడలేదు.

3. కంకణం నుంచి కప్పు వరకు

జర్మనీలో నాజీల పాలన ఓపెన్‌హైమ్ తండ్రి వైద్యవృత్తిని దెబ్బతీసింది. ఇంటి నుంచి వచ్చే ఆర్థికసహాయం సన్నగిల్లడంతో ఆమె ఆభరణాలకు, దుస్తులకు నమూనాలు గీసి ఫ్యాషన్ సంస్థలకు ఇవ్వసాగింది. అలా ఎల్సా స్కియాపరెల్లి కోసం రూపొందించినదే బొచ్చు తొడిగిన ఇత్తడి కంకణం. 1936లో ఒక రోజు ఆమె ఆ కంకణంతో పారిస్‌లోని కెఫే ద ఫ్లోర్‌లో పికాసో, డోరా మార్‌లతో కూర్చున్నప్పుడు సంభాషణ కంకణం మీదికి మళ్లింది. బొచ్చుతో దేన్నయినా కప్పవచ్చునని పికాసో అన్నాడనీ, ఈ కప్పునూ సాసరునూ కూడా కప్పవచ్చునని ఆమె బదులిచ్చిందనీ, టీ చల్లారుతుండగా ఇంకొంచెం బొచ్చు తెమ్మని పరిచారకుణ్ణి హాస్యంగా అడిగిందనీ చెబుతారు. కొద్దికాలానికే వస్తు ప్రదర్శనలో పాల్గొనమని బ్రెటన్ కోరాడు. ఆమె అంగడిలో ఒక కప్పు, సాసరు, చెంచా కొని వాటికి చైనా జింక బొచ్చును తొడిగింది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై రెండేళ్లు.

ఈ వృత్తాంతాన్ని చెప్పేవారు ఎక్కువగా పికాసో మాటను మూలబిందువుగా తీసుకుంటారు. ఈ సంఘటనలో మొదటి కృతి కంకణం. అది అప్పటికే తయారై ఆమె ముంజేతికి ఉంది. సంభాషణకు కారణమైనదీ అదే. అంటే అధివాస్తవిక వస్తువుల్లో అత్యంత ప్రసిద్ధమైనది ఆమె అమ్మకానికి చేసిన ఆభరణం నుంచి పుట్టింది. రూపకల్పనను కళకు దిగువన ఉంచే దృష్టికి ఈ క్రమం కనిపించదు. ముంజేతి మీద బొచ్చు సుఖస్పర్శ. అదే బొచ్చు పెదవికి తగిలితే ఏమవుతుంది అనే ప్రశ్నే కప్పుగా రూపొందింది. పదార్థం మారలేదు. శరీరం దాన్ని తాకే చోటు మారింది.

4. ముఖ్యార్థబాధ: ఉపయోగం ఆగిన చోటు

ఈ కప్పు అర్థాన్ని ఎలా ఉత్పత్తి చేస్తుందో వివరించడానికి మన అలంకారశాస్త్రంలోని లక్షణావృత్తి సమర్థమైన సాధనం. ఓపెన్‌హైమ్‌కు ఈ శాస్త్రంతో పరిచయం ఉందని నా వాదన కాదు. ఒక పద్ధతిని వివరించడానికి మరొక సంప్రదాయపు పరికరాన్ని వాడుకోవడం మాత్రమే ఇక్కడి ఉద్దేశం.

మమ్మటుడు లక్షణకు మూడు నిబంధనలు చెప్పాడు. ముఖ్యార్థానికి బాధ కలగాలి. లక్ష్యార్థానికి ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి. రూఢిగానీ ప్రయోజనంగానీ దానికి కారణం కావాలి. 'గంగలో పల్లె' అన్నప్పుడు ప్రవాహంలో పల్లె ఉండడం అసంభవం కనుక ముఖ్యార్థం బాధితమై, సామీప్య సంబంధం వల్ల తీరం అనే అర్థం స్ఫురిస్తుంది. ఆ పల్లెకు గంగకున్న చల్లదనం, పావనత్వం కలిగించడం అక్కడి ప్రయోజనం.

వాడుక వస్తువు విషయంలో ముఖ్యార్థం దాని ఉపయోగమే. కప్పు అంటే తాగడానికి ఉన్నది. దానికి బొచ్చు తొడిగితే ఉపయోగానికి బాధ కలుగుతుంది. ద్రవం పోస్తే బొచ్చు తడిసి ముద్దవుతుంది. పెదవి ఆనించడానికి మనసు ఒప్పదు. ఉపయోగానికి కలిగిన ఈ బాధ వల్ల చూపరి ఇతర అర్థాలను వెతుక్కుంటాడు. జంతువు, శరీరం, కోరిక, భోజనమర్యాద అన్నీ ఆ వెతుకులాటలో తారసపడతాయి.

అయితే ఇక్కడ లక్షణలోని ఒక ఉపభేదం కూడా పనికి వస్తుంది. 'గంగలో పల్లె' అన్న చోట ప్రవాహార్థం తొలగిపోతుంది. ఇది జహల్లక్షణ. 'బల్లేలు ప్రవేశిస్తున్నాయి' అన్న చోట బల్లేలు పట్టిన మనుషులు స్ఫురించినా బల్లేలు తొలగిపోవు, మనుషులతోపాటే లోపలికి వస్తాయి. ఇది అజహల్లక్షణ. మార్సెల్ ద్యుషాఁ 1914లో సీసాలు ఆరబెట్టే చట్రాన్ని కళాకృతిగా ఎన్నుకున్నప్పుడు దాని ఉపయోగం పక్కకు తప్పుకుంటుంది. సీసాల సంగతి మరచిపోయి కూడా దాన్ని చూడవచ్చు. దాన్ని జహల్లక్షణతో పోల్చవచ్చు. ఓపెన్‌హైమ్ కప్పు విషయంలో అలా కుదరదు. తాగడం అనే క్రియ చూపరి పెదవుల జ్ఞాపకంలో ఉన్నంతసేపే ఆ కృతి పనిచేస్తుంది. తాగడం ఎరుగని వానికి అది ఒక బొచ్చుగిన్నె మాత్రమే. కనుక ఆమె పద్ధతి అజహల్లక్షణకు దగ్గరగా ఉంది. 1921లో మాన్ రే ఇస్త్రీపెట్టె అడుగున మేకులు అతికించి చేసిన 'కానుక'లోనూ ఉపయోగం గుర్తుండే మాట నిజమే. కానీ అక్కడ చిరిగేది బట్ట. ఇక్కడ ఇబ్బందికి లోనయ్యేది చూసేవాని నోరు.

5. విరోధి భావాల ఏకాశ్రయం

ఈ కప్పును గురించిన విమర్శలో లైంగిక ప్రతీకార్థం ప్రధానస్థానం ఆక్రమించింది. ఆ అర్థాన్ని కాదనవలసిన పని లేదు. అయితే అది అనుభవంలో మొదటి మెట్టు కాదు. అన్నంలో వెంట్రుక కనబడితే ముద్ద దించేసే మన ఇళ్లలో ఈ కప్పును చూసిన వారికి మొదట కలిగేది జుగుప్స. ఎంగిలి అనే భావన బలంగా ఉన్న సమాజానికి పెదవి తాకే పాత్ర ఎంత సున్నితమైన వస్తువో వేరే చెప్పనక్కరలేదు. అదే సమయంలో ఆ మృదువైన బొచ్చును వేలితో నిమరాలన్న కోరిక కూడా పుడుతుంది. చేయి రమ్మంటుంది, నోరు వద్దంటుంది.

శృంగార బీభత్సాలను అలంకారికులు విరోధిరసాలుగా పరిగణించారు. ఒకే ఆశ్రయంలో, ఎడం లేకుండా అవి కలిసి రావడం రసభంగానికి హేతువని వారి అభిప్రాయం. ఓపెన్‌హైమ్ చేసిన పని సరిగ్గా అదే. రెండు విరోధి భావాలకు ఒకే చిన్న పాత్రను ఆలంబనం చేసింది. రసభంగం ఆమె కృతిలో దోషం కాలేదు. ఆ భంగమే అనుభవం. కేవలం లైంగిక ప్రతీకగా చదివినప్పుడు ఈ రెండింటిలో ఒక భావమే మిగిలి, కప్పు ఒక పొడుపుకథగా కుంచించుకుపోతుంది. విప్పగానే దానితో పని తీరిపోతుంది. ఎనిమిది దశాబ్దాలు దాటినా ఈ కప్పుతో పని తీరకపోవడానికి కారణం ఆ చదువులో లేదు.

6. పేరు పెట్టే అధికారం

'బొచ్చులో భోజనం' అనే అర్థం వచ్చే ఫ్రెంచి పేరు ఈ కృతికి పెట్టినవాడు బ్రెటన్. ఆ పేరులో మానే చిత్రం 'పచ్చికపై భోజనం', జాకర్ మాజోక్ నవల 'వీనస్ ఇన్ ఫర్స్' రెండూ ధ్వనిస్తాయి. ఆ రెండూ పురుషులు సృష్టించిన స్త్రీ బింబాలు. పేరు కృతికి ముందే ఒక వ్యాఖ్యానాన్ని తగిలించింది. ఆమె చేసినది ఒక కప్పు, ఒక సాసరు, ఒక చెంచా. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం దాన్ని 'వస్తువు' అనే పేరుతోనే నమోదు చేసుకుంది. మన పరిభాష దృష్ట్యా ఈ పేరే అర్థవంతం.

1936 చివర న్యూయార్క్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఈ కప్పు ఎంతో సంచలనం కలిగించి, ఆ ఉద్యమానికే గుర్తుగా మారింది. మ్యూజియం దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ బార్ దాన్ని కొన్నాడు. కానీ ఆ కీర్తి ఆమెకు సహాయపడలేదు. ఆమె మరేది చేసినా కప్పుతో పోల్చి చూడసాగారు. ఒక కవిని ఒకే గేయానికి కట్టివేసే పాఠకలోకం మనకూ తెలిసినదే.

1959లో జరిగిన మరొక సంఘటన ఈ అధికార సమస్యను స్పష్టం చేస్తుంది. ఆ ఏడు వసంతంలో బెర్న్‌లో కొద్దిమంది స్త్రీపురుష మిత్రులకు ఆమె ఒక విందు ఇచ్చింది. నగ్నంగా పడుకున్న స్త్రీ శరీరం మీద ఆహారపదార్థాలను అమర్చి అందరూ కలిసి భుజించారు. భూమి ఫలించే రుతువును గౌరవించడం ఆమె భావన. బ్రెటన్ దాన్ని పారిస్‌లో ఆ ఏడాది చివర జరిగిన అధివాస్తవిక ప్రదర్శనలో మళ్లీ చేయమని కోరాడు. అక్కడ ప్రేక్షకుల ముందు అది స్త్రీ దేహాన్ని వడ్డించే దృశ్యంగా మారిపోయింది. ఆమె దీనికి నొచ్చుకుంది. ఆ తరువాత అధివాస్తవిక బృందంతో కలిసి ప్రదర్శించలేదు. పదార్థాలు అవే అయినా ఎవరు, ఎవరితో, ఎక్కడ అనుభవిస్తున్నారన్నది మారినప్పుడు అర్థం మారింది. వస్తువు అర్థం దాని ఉపయోగ సందర్భంలో ఉంటుందన్న సూత్రానికి ఇది, ఆమెకు బాధ కలిగించిన, నిదర్శనం.

7. నిశ్శబ్దం, పునరాగమనం

1937లో ఆమె బాజెల్ నగరానికి తిరిగివచ్చింది. అప్పటినుంచి 1954 వరకు సుమారు పద్దెనిమిదేళ్లు తీవ్రమైన సృజన సంక్షోభం. ఆ కాలంలో చేసినవాటిలో చాలావాటిని స్వయంగా నాశనం చేసింది. వృత్తివిద్యా పాఠశాలలో చేరి పాత చిత్రాలను పునరుద్ధరించే పని నేర్చుకొని, దానితో జీవించింది. 1938 నాటి 'రాతిస్త్రీ' అనే చిత్రంలో ఒడ్డున పరచిన రాళ్లే స్త్రీ ఆకృతిగా పడుకొని ఉంటాయి. కాళ్లు మాత్రం సజీవంగా నీటిలో ఉంటాయి. కదలలేని దేహం, నీటి స్పర్శను కోల్పోని పాదాలు. అప్పటి ఆమె స్థితికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. ఇక్కడ కూడా ప్రాణం మిగిలినది స్పర్శ ఉన్న చోటే.

1954లో బెర్న్‌లో ఒక పనిగది అద్దెకు తీసుకోవడంతో ఈ దశ ముగిసింది. 1956లో పికాసో నాటకానికి డానియెల్ స్పోయెరి చేసిన ప్రయోగంలో వేషాలు, ముఖతొడుగులు ఆమె రూపొందించింది. శరీరానికి తొడిగే వస్తువుల దగ్గరికే ఆమె మళ్లీ వచ్చింది. 1967లో స్టాక్‌హోమ్ ఆధునిక కళా మ్యూజియంలో జరిగిన సమగ్ర ప్రదర్శన ఆమెను కొత్తతరానికి పరిచయం చేసింది.

8. రూపకల్పనలు: శరీరపు సరిహద్దు

ఈ నేపథ్యంలో ఆమె రూపకల్పనలను ఒక వరుసలో చూడాలి. 1936 నాటి ఒక చేతితొడుగు జతలో బొచ్చు నుంచి ఎర్రగోళ్ల చెక్కవేళ్లు బయటికి వస్తాయి. 1985లో తయారు చేయించిన మరొక జతపై చేతి నరాలు కనిపిస్తాయి. తోలు కింద దాగవలసినవి తోలు పైకి వచ్చాయి. వజ్రం స్థానంలో పంచదార బిళ్ల పొదిగే ఉంగరాన్ని కూడా ఆమె ఊహించింది. వజ్రం శాశ్వతమనే నమ్మకాన్ని ఆ ఉంగరం చప్పరించి కరిగించదగినదిగా మార్చింది. 1939లో పారిస్‌లో ప్రదర్శించిన బల్లకు పక్షి కాళ్లు ఉన్నాయి. బంగారు పూత పూసిన పైభాగం మీద పక్షి నడిచిన అడుగుజాడలు ఉన్నాయి. 1970ల ఆరంభంలో ఇటలీలో ఈ బల్లను అమ్మకానికి మళ్లీ తయారు చేశారు. దాని మీద నిజంగానే కప్పు పెట్టుకోవచ్చు. అంటే ఆమె వస్తువులన్నీ ఉపయోగాన్ని నిరాకరించినవి కావు. కొన్ని నిరాకరించాయి, కొన్ని అంగీకరించాయి. అన్నీ ఉపయోగాన్ని ప్రశ్నించాయి.

1964లో ఆమె తన శిరస్సును ఎక్స్‌రే తీయించుకొని దాన్ని ఆత్మచిత్రంగా ప్రకటించింది. అందులో ముఖకవళికలు లేవు. పుర్రె, చేతి ఎముకలు, వాటితోపాటు చెవిపోగులు, ఉంగరాలు స్పష్టంగా కనిపిస్తాయి. మాన్ రే చిత్రాలలో ప్రసిద్ధమైన దేహం ఇక్కడ పూర్తిగా మాయమైంది. మిగిలినవి అస్థి, ఆభరణం. తనను వస్తువుగా చూసిన చూపులకు ఒక రూపకర్త ఇచ్చిన సమాధానంగా దీన్ని చదవవచ్చు.

9. బెర్న్ జలస్తంభం

1975 జనవరిలో బాజెల్ నగర కళాపురస్కారం స్వీకరిస్తూ చేసిన ప్రసంగంలో, స్వేచ్ఛ ఎవరూ ఇచ్చేది కాదనీ తామే తీసుకోవాలనీ ఆమె స్త్రీలకు చెప్పింది. అయినా మనోశక్తికి స్త్రీపురుష భేదం లేదని నమ్మి, స్త్రీల కళ అనే ప్రత్యేక వర్గంలో చేరడానికి ఆమె ఇష్టపడలేదు. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఉందనిపించవచ్చు. పేరు పెట్టే అధికారం వల్ల నష్టపోయిన వ్యక్తి మరొక పేరుకు కట్టుబడడానికి జంకడంలో ఆశ్చర్యం లేదు.

1983లో బెర్న్ నగర కూడలిలో ఆమె రూపొందించిన ఫౌంటెన్ వెలిసింది. ఎత్తైన కాంక్రీటు స్తంభం, దాని చుట్టూ సర్పిలాకారంగా దిగే నీరు, మొక్కలు. మొదట్లో నగరవాసులు కొందరు దాన్ని తీవ్రంగా ఆక్షేపించారు. కాలక్రమంలో నీటిలోని సున్నం పేరుకొని, నాచు పట్టి, స్తంభం తన మొదటి రూపాన్ని కోల్పోయి సజీవంగా మారింది. కప్పుకు ఆమె బొచ్చు తొడిగింది. స్తంభానికి కాలమే నాచు తొడిగింది. కప్పు గాజుపెట్టెలో చూడడానికి మాత్రమే ఉంది. ఫౌంటెన్ పక్కన మనుషులు నడుస్తారు, నీరు పారుతుంది.

10. ముగింపు

1985 నవంబరు 15న బాజెల్‌లో ఓపెన్‌హైమ్ మరణించింది. అంతకు రెండేళ్ల ముందు, తన జీవితకాలపు ప్రదర్శన ఎలా ఉండాలో ఆమె పన్నెండు పెద్ద కాగితాల మీద తానే గీసుకుంది. రెండు వందలకు పైగా కృతులు చిన్నచిన్న బొమ్మలుగా వాటిలో కనిపిస్తాయి. ఒక్క కప్పుకు కుదించిన జీవితాన్ని ఆమె స్వయంగా విప్పి పరచిన పట్టిక అది. విమర్శ మొదలు కావలసింది అక్కడినుంచి.

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ఓపెన్‌హైమ్ రూపకల్పనలు ఆమె కళకు అనుబంధాలు కావు. బొచ్చుకప్పు ఒక ఆభరణం నుంచే పుట్టింది.

• ఆమె వస్తువులలో ఉపయోగం నశించదు. బాధితమై నిలుస్తుంది. అజహల్లక్షణ ఈ పద్ధతిని వివరించగలదు.

• వస్తువు అర్థాన్ని దానికి పెట్టిన పేరు, దాన్ని అనుభవించే సందర్భం మార్చగలవు. 1936 నాటి నామకరణం, 1959 నాటి విందు ఇందుకు తార్కాణాలు.

• అధివాస్తవికతను పదచిత్రాల కవిత్వంగానే చర్చించిన తెలుగు విమర్శ, 'వస్తువు' అనే తన సొంత పదంలోని రెండో అర్థాన్ని కూడా పరిగణిస్తే ఆ ఉద్యమ స్వరూపం మరింత సమగ్రంగా అవగతమవుతుంది.